బక్కోళ్ళ కుస్తీ

పహిల్వాన్ అంటే మీకు ఎవరు కనిపిస్తారు? మెడ లేని మనిషి. గుమ్మంలో నిలబడితే ఇంట్లోకి వెలుతురు రాని ఒళ్ళు. మెలితిప్పిన మీసం, మెడలో తావీజు, భుజమ్మీద గళ్ళ రుమాలు. సినిమాలో అయితే విలన్ పక్కన నిలబడి హీరో చేతిలో తన్నులు తింటాడు. పేపర్లో అయితే జాగాల కబ్జా కేసులో పేరు వెనక తోకలాగా ఆ మాట ఉంటుంది. ఆ పేరు మాత్రం మా పేర్లలాంటిదే ఉంటుంది.

మేము ఆ బొమ్మలో ఇమడం. మేము ముగ్గురం. ఒకే తాలింలో, ఒకే ఉస్తాద్ దగ్గర, ఒకే మట్టిలో పొర్లినవాళ్ళం. పట్లు నేర్చుకున్న ఆ 1980ల చివరి రోజుల్లో మాలో ఎవరమూ 57 కిలోలు దాటలేదు. మాలో ఒకడిది జనగామలో పరుపుల దుకాణం. ఇంకొకడు మానుకోట మిర్చి మార్కెట్లో హమాలీ. కాగితాల మీద దాన్ని మహబూబాబాద్ అంటారు, మా నోటికి మానుకోటే వస్తుంది. మూడోవాడు భూపాలపల్లిలో సింగరేణి బాయి దిగుతాడు. 2016లో వరంగల్ జిల్లాను ముక్కలు చేసినప్పుడు మేము మూడు జిల్లాలవాళ్ళమైపోయాం. పట్లు మాత్రం పంచుకోలేదు, అందరి దగ్గరా అన్నీ ఉన్నాయి.

మా తాలిం పీరీల కొట్టం వెనక ఉండేది. పైన తాటికమ్మల కప్పు, లోపల జల్లెడ పట్టిన ఎర్రమట్టి. అందులో పసుపు, నూనె, మజ్జిగ, వేపాకు కలిపేవాళ్ళం. రోజూ పొద్దున్నే పారతో తవ్వి మళ్ళీ చదును చేయాలి. కొత్తగా వచ్చిన పోరడికి నెల రోజులు అదే పని. పట్టు చెప్పండి ఉస్తాద్ అంటే పార చేతికిచ్చేవాడు. నడుం, భుజాలు, పిడికిలి అక్కడే తయారయ్యేవి. గోడకు ఒకపక్క 'యా అలీ' అని రాసి ఉండేది, ఇంకోపక్క హనుమంతుడి పటం. అప్పట్లో దానికెవరూ మతసామరస్యం అని పేరు పెట్టలేదు. గొల్ల పిల్లలు, గౌండ్ల పిల్లలు, మాదిగ పిల్లలు, మేము, ఎవరి మొక్కు వాళ్ళు మొక్కి మట్టిలోకి దిగేవాళ్ళం.

ఆ మట్టిలో నడిచింది మా భాష. దస్తీ, బగల్ డూబ్, ధోబీ పఛాడ్, కలాజంగ్, ఢాక్, చిత్. ఉర్దూ ఒక్క ముక్క రాని పిల్లలు కూడా ఈ మాటల్లోనే ఆలోచించేవాళ్ళు. బళ్ళో మేము తెలుగు తప్పు పలికితే నవ్వేవాళ్ళు. ఇక్కడ వాళ్ళు ధోబీని దోబి అన్నా ఎవరూ నవ్వలేదు, ఎదుటివాడు భుజం మీదుగా వెళ్ళి నేలకు తగిలాడా లేదా, అదే లెక్క.

ఒకసారి ముగ్గురం ఎంపిక పోటీలకు పోయాం. ఊరి పేరు, ఆయన పేరు ఎందుకులెండి. పేర్లు రాసుకునే పెద్దమనిషి మా పేర్లు చూశాడు, తర్వాత మా ఒళ్ళు చూశాడు. "ఏందిరా, సాయిబుల పోరలై ఉండి గింత బక్కగున్నరు? పెద్దకూర తింటలేరా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. మా ఇళ్ళల్లో పెద్దకూర వండిన రోజు పండగ రోజు అని ఆయనకెవరు చెప్పాలి? మిగతా రోజులు జొన్నరొట్టె, పచ్చిపులుసు. పహిల్వాన్ ఖురాక్ అంటే పాలు, బాదం, నెయ్యి అంటారు. మా ఉస్తాద్ మాకు చెప్పిన ఖురాక్ నానబెట్టిన శనగలు, గుప్పెడు పల్లీలు, బెల్లం ముక్క. బక్కగా ఉన్నవాడికి మేక తినిపించి లావు చేసే స్తోమత ఆయనకూ లేదు, మాకూ లేదు. అందుకని ఉన్న ఒంటితో ఏం చేయొచ్చో అది నేర్పాడు.

"ఉస్‌కా వజన్ ఉస్‌కోచ్ ఉఠానే దే రే." ఆయన రోజుకు పదిసార్లు అనేమాట ఇది. వాడి బరువు వాణ్ణే మోసుకోనీ అని.

బయటనుంచి చూసేవాళ్ళు పెద్దవాడి బలం చేతుల్లో ఉంటుందనుకుంటారు. అది ఆనడంలో ఉంటుంది. 80 కిలోల మనిషి 55 కిలోల మనిషి మెడ మీద ముంజెయ్యి వేసి ఊరికే ఆనుకుంటే చాలు, కొట్టక్కర్లేదు, తొయ్యక్కర్లేదు. రెండు నిమిషాల్లో చిన్నవాడి తొడలు వణుకుతాయి, ఊపిరి పైపైకి వస్తుంది. ఆ తర్వాత ఏ పట్టు తెలిసినా దండగే. అందుకని చిన్నవాడి కుస్తీ అంతా ఆ బరువు తన మీద ఆనకుండా చూసుకోవడంలోనే ఉంది.

ముందు చేతులు. పెద్దవాడు మెడ మీదికి చెయ్యి వేయబోతాడు. అది పడకముందే ఒక చేత్తో మణికట్టు, ఇంకో చేత్తో మోచేతి పైన కండ పట్టి, మన ఛాతీకి అడ్డంగా గుంజాలి. అదే దస్తీ. గుంజి అక్కడే నిలబడితే లాభం లేదు. గుంజిన చెయ్యి పక్కనుంచి వాడి వీపు వెనక్కి పోవాలి. ఎంత పెద్దవాడికైనా చేతులు ముందుకు పనిచేసినట్టు వెనక్కి పనిచేయవు. దస్తీకి వాడు బెదిరి మోచెయ్యి పైకెత్తాడా, సంక కింద తలుపు తెరుచుకుంటుంది. మోకాళ్ళు వంచి తల అందులోంచి దూర్చి వెనక తేలాలి. బగల్ డూబ్ అంటే అదే, సంకలో మునక. పొడుగువాడు ఈ పట్టు వేయాలంటే చాలా కిందికి దిగిరావాలి. పొట్టివాడు సగం దూరం ముందే వెళ్ళి ఉంటాడు. మా పొట్టితనానికి మొట్టమొదట ఒక ఉపయోగం కనపడింది ఇక్కడే.

మోకాళ్ళు వంచి అన్నాం, గమనించండి. నడుం కాదు. నడుం వంచినవాడి మెడ మీద పెద్దవాడు పడిపోతాడు. రోజుకు వందల బస్కీలు తీయించడం వెనకున్న లెక్క అది. ఒళ్ళు పెంచుకోవడానికి కాదు, ఎంతసేపైనా కిందనే ఉండి కదలగలగడానికి.

ఇక కాళ్ళ పట్టు. కొత్తవాడు ఆత్రంగా రెండు కాళ్ళూ ఒకేసారి పట్టబోతాడు. పెద్దవాడు కాళ్ళు వెనక్కి విసిరి ఛాతీతో వీపు మీద పడతాడు, అంతటితో అయిపోతుంది. ఉస్తాద్ మాకు ఒంటికాలే పట్టమనేవాడు. పట్టి, తల వాడి పక్కటెముకలకు గట్టిగా ఆనించి, ఎత్తకుండా గుండ్రంగా తిప్పాలి, తిరగలి తిప్పినట్టు. ఒంటికాలి మీద గెంతే 80 కిలోల మనిషికి ఆ 80 కిలోలే శత్రువు. ఎత్తి పడేస్తే చప్పట్లు కొడతారు గానీ చిన్నవాడికి చప్పట్ల కుస్తీ ఖరీదైనది.

ఎత్తే పట్టు ఒకటుంది, కలాజంగ్. చెయ్యి గుంజి, కిందికి దూరి, వాడి తొడల మధ్య చెయ్యి పెట్టి, భుజాలకు అడ్డంగా వేసుకుని అవతలికి దించేయడం. మిర్చి బస్తా ఎత్తడమే ఇది. మాలో హమాలీ అయినవాడికి ఈ పట్టు అందరికంటే తొందరగా వచ్చింది. చాలా ఏళ్ళు ఇది మన దేశపుదే అనుకున్నాం. తర్వాత తెలిసింది, జపాన్ జూడోలో ఇలాంటిదాన్నే కతా గురుమా అంటారని. జూడో పెట్టిన జిగొరో కానో కూడా మాలాంటి బక్కోడే, ఐదడుగుల పైన కొద్ది అంగుళాలు. చిన్నప్పుడు బలమైన పిల్లల చేతిలో దెబ్బలు తిని, పాత జుజుత్సు గురువుల దగ్గర చేరాడు. తనకంటే బాగా బరువైన తోటి విద్యార్థిని పడేయడానికి దారి వెతుకుతూ పడమటి దేశాల కుస్తీ పుస్తకం చదివి ఈ పట్టు సాధించాడంటారు. 1882లో కొడోకాన్ బడి పెట్టాడు. మానుకోట హమాలీకి తెలిసిన పట్టు టోక్యో పండితుడికీ తెలిసిందంటే మాకు భలే సంతోషం. మనిషి ఒళ్ళు ఎక్కడైనా ఒకేచోట వంగుతుంది మరి.

జోర్ చేయడంలో ఉస్తాద్‌కు ఒక పద్ధతి ఉండేది. ఇప్పుడు మేము పిల్లలకు నేర్పేటప్పుడు దాన్ని అట్లాగే పాటిస్తున్నాం. నీకంటే తేలికైనవాడితో కొత్త పట్టు ప్రయత్నించు. నీ తూకంవాడితో పూర్తి కుస్తీ పట్టు. నీకంటే బాగా బరువైనవాడితో మాత్రం ఒక్కటే పని పెట్టుకో. ఉదాహరణకు, వాడు వెనకనుంచి నడుం పట్టుకుంటాడు, నువ్వు విడిపించుకో. అర నిమిషం. మళ్ళీ మొదటినుంచి. అక్కడ గెలుపోటములు లేవు. ఈ పద్ధతి లేని తాలింలలో చిన్న పిల్లలు ఏడాది తిరిగేసరికి మానేస్తారు. పిరికివాళ్ళు కాబట్టి కాదు. రోజూ బరువు కింద నలిగి పక్కటెముకలు, మోకాళ్ళు పోగొట్టుకుంటారు కాబట్టి. ఆఫీసరు కొడుకు మోకాలు పోతే సెలవు పెట్టుకుంటాడు. మాలో ఒకడి మోకాలు పోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. చిన్నవాడి వ్యూహంలో మొదటి సూత్రం మర్నాడు పనికి పోగలగడం. పుస్తకాలు రాసినవాళ్ళు దీన్నెందుకో రాయరు.

కింద పడితే ఏం చేయాలన్నది ఇంకో చదువు. మోచేతులు పక్కటెముకలకు అంటించి, గడ్డం ఛాతీకి ఆనించి, బోర్లా ఉండాలి. వీపు చూపించినంత మాత్రాన ఓడినట్టు కాదు, రెండు భుజాలూ నేలకు తగిలితేనే చిత్. పైనవాడు తిప్పడానికి ముందుకు వంగినప్పుడు వాడి చెయ్యి సంకలో బిగించి వాడు పోయే వైపే దొర్లాలి. దాన్ని గధా లోట్ అంటారు, గాడిద దొర్లుడు. పేరు చిన్నతనంగా ఉంటుంది గానీ మమ్మల్ని ఎన్నిసార్లు కాపాడిందో. ఇవన్నీ చేయాలంటే మెడ గట్టిగా ఉండాలి. నుదురు నేలకానించి వంతెనలాగా ఒళ్ళు ఎత్తి ఊగడం, తాడు పట్టి కాళ్ళు వాడకుండా ఎక్కడం, ఇసుక గోనె భుజాన వేసుకుని నడవడం, ఇవే మా సాధనాలు. మిగతాది పనే ఇచ్చింది. దూదేకే విల్లు పట్టిన చేతికి మణికట్టు పట్టు ఎవరూ వేరే నేర్పక్కర్లేదు. బాయిలో కప్పు తక్కువున్నచోట మోకాళ్ళు వంచి, తల ఎత్తి నడిచే నడక కుస్తీ నిలబడే తీరే.

పంజాబ్ గామా గురించి మాకు అప్పుడే కథలు కథలుగా చెప్పేవాళ్ళు. ఐదడుగుల ఏడెనిమిది అంగుళాల మనిషి. ఏడడుగులకు కాస్త తక్కువున్న రహీం బక్ష్ సుల్తానీవాలాతో తలపడి ఓడకుండా నిలబడ్డాడు, చివరికి గెలిచాడు. 1910లో లండన్ పోతే పొట్టిగా ఉన్నాడని మొదట పోటీలో చేర్చుకోలేదట. ఆ సెప్టెంబర్‌లో జిబిస్కో అనే పోలండ్ మల్లుడితో కుస్తీ రెండున్నర గంటలు దాటింది. తమాషా ఏమిటంటే, బరువెక్కువున్న జిబిస్కోనే ఎక్కువసేపు మ్యాట్‌ను కరుచుకుని బోర్లా పడుకున్నాడు. తేలలేదు. మళ్ళీ పెడితే రాలేదు. 1928లో పటియాలాలో తలపడితే నిమిషం లోపే అయిపోయింది. మా ఉస్తాద్ ఈ కథ చెప్పి, గామా తీసిన వేల బస్కీల లెక్క చెప్పి, మమ్మల్ని లేపేవాడు. మాకు మాత్రం ఆ రెండున్నర గంటలే నచ్చేవి. పెద్దవాడు కూడా నేలను కరుచుకుంటాడని తెలియడం మంచి చదువు.

ఇంకో లెక్క చూడండి. ఒలింపిక్స్‌లో ఇప్పటివరకు మన దేశానికి కుస్తీలో వచ్చినవి ఎనిమిది పతకాలు. 1952 హెల్సింకీలో 57 కిలోల్లో ఖాషాబా జాదవ్. 2008లో 66 కిలోల్లో సుశీల్ కుమార్, 2012లో మళ్ళీ అతనే, 60 కిలోల్లో యోగేశ్వర్ దత్. 2016లో 58 కిలోల్లో సాక్షి మలిక్. 2021లో జరిగిన టోక్యో పోటీల్లో 57లో రవి దహియా, 65లో బజ్‌రంగ్ పునియా. 2024 పారిస్‌లో 57లో అమన్ సెహ్రావత్. ఒక్కటి కూడా 66 కిలోలు దాటలేదు. పహిల్వాన్ అంటే కొండలాంటి మనిషి అని బొమ్మలు గీసుకునే దేశానికి పతకాలన్నీ బక్కోళ్ళే తెచ్చారు. అందులో జాదవ్‌ది సతారా జిల్లా గోలేశ్వర్ అనే పల్లె. హెల్సింకీ పోవడానికి డబ్బుల్లేక చందాలు అడిగాడు, ఆయన చదివిన కాలేజీ ప్రిన్సిపాల్ ఇల్లు తాకట్టు పెట్టి సాయం చేశాడంటారు. స్వతంత్ర భారతానికి మొదటి వ్యక్తిగత పతకం తెచ్చిన ఆ మనిషికి అర్జున అవార్డు చనిపోయాక గానీ రాలేదు.

ఇక్కడిదాకా చదివి మీరు ముచ్చటపడుతూ ఉంటారు. చిన్నవాడు తెలివితో పెద్దవాణ్ణి పడగొట్టే కథ అందరికీ ఇష్టం. మాకు ఆ ఇష్టం మీద కొంచెం అనుమానం ఉంది. ఆ ఎనిమిది మందీ (సుశీల్ రెండుసార్లు కాబట్టి ఏడుగురు) గెలిచింది తమకంటే రెట్టింపు ఉన్నవాళ్ళ మీద కాదు. తమ తూకంవాళ్ళ మీద. తూకాలు పెట్టారు కాబట్టి జాదవ్ జాదవ్ అయ్యాడు. తూకం చూడని జాతర కుస్తీలో అదే మనిషి ఎన్ని దస్తీలు గుంజినా, సమానంగా నేర్చిన 100 కిలోలవాడి ముందు చివరికి ఓడేవాడు. ఇద్దరికీ పట్లు తెలిసినప్పుడు బరువే గెలుస్తుంది. మట్టిలో నలిగినవాళ్ళందరికీ ఇది తెలుసు. కుర్చీలో కూర్చుని చూసేవాళ్ళు మాత్రం మాతో అంటారు, "చిన్నోనివి, తెలివితోని గెలువాలె." ఎప్పుడూ మేమే ఎందుకు తెలివిగా ఉండాలి? అప్పుడప్పుడు మామూలుగా ఉండి కూడా గెలిచే హక్కు పెద్దవాడికేనా?

జనగామ దిక్కు మనుషులకు ఈ సంగతి ఒక సమాధి దగ్గర తెలుస్తుంది. దేవరుప్పుల దగ్గర కామారెడ్డిగూడెం షేక్ బందగీ చిన్న రైతు. విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి అంతటివాడితో భూమి తగాదా వచ్చింది. బందగీ బలానికి బలం చూపించలేదు. కోర్టుకు పోయాడు. కాగితం పట్టాడు, ఏళ్ళ తరబడి పట్టు వదలకుండా తిరిగాడు, గెలిచాడు. కుస్తీ మాటల్లో చెప్పాలంటే పెద్దవాడి వీపు వెనక్కి చేరాడు. 1940లో దొర మనుషులు దారికాచి ఆయన్ని నరికి చంపారు. వ్యూహంలో లోపం ఎక్కడుంది చెప్పండి. లోపం లేదు. మ్యాట్ మీద విజిల్ పట్టుకుని ఒక మనిషి ఉంటాడు, మెడ విరవబోతే ఆపుతాడు. కామారెడ్డిగూడెం దారిలో ఆ మనిషి లేడు. మేము పిల్లలకు పట్లు నేర్పేటప్పుడు నిబంధనల పుస్తకం కూడా చదివించేది అందుకే. ఏది ఫౌలో తెలిస్తేనే అది జరిగినప్పుడు చెయ్యెత్తి అడగగలుగుతారు.

తూకాలు పెట్టినంత మాత్రాన న్యాయం జరిగిపోయిందనీ అనం. పెద్దవాళ్ళు నీళ్ళు మానేసి, చెమటలు కార్చి, చిన్నవాళ్ళ తూకంలోకి దిగుతారు. తిండి తిని 50 కిలోలున్న పిల్ల, నాలుగైదు కిలోలు పిండుకుని 50కి దిగినదానితో తలపడాల్సి వస్తుంది. పిండుకున్నవాళ్ళకూ సుఖం లేదు. 2024 ఆగస్టులో పారిస్‌లో వినేశ్ ఫొగాట్ 50 కిలోల ఫైనల్ చేరి కూడా ఆ పొద్దున 100 గ్రాములు ఎక్కువ తూగి బయటికొచ్చింది. అంతకుముందు ఆమె 53లో కూడా ఆడింది. మా దగ్గర పెరిగే పిల్లలకు మేము గట్టిగా చెప్పేది ఒకటే, తూకం కోసం తిండి మానొద్దు, నీళ్ళు మానొద్దు. ఒక కిలో పెరిగితే పై తూకంలో ఆడండి. రంజాన్ నెలలో ఉపవాసం ఉన్న పిల్లలకు జోర్ పెట్టం. ఇఫ్తార్‌కు ముందు కాసేపు చేతుల పట్లు నెమ్మదిగా కదిలించి ఇంటికి పంపిస్తాం.

మేము నేర్పేది ఆదివారాలే. భూపాలపల్లిలో మా బాయి దోస్తు షిఫ్టులను బట్టి వేళ మారుతుంది. పాత మ్యాట్ ముక్కలు సంపాదించి కుట్టించాం, పరుపుల దుకాణం ఉండనే ఉంది కదా. మొదట్లో మగపిల్లలే వచ్చేవాళ్ళు. ఇప్పుడు బస్తీనుంచి మా పిల్లలు, మానుకోట దిక్కు తండాలనుంచి లంబాడా పిల్లలు, ఆడపిల్లలే ఎక్కువ. తల్లులను ఒప్పించడం పెద్ద కుస్తీ. "ఒళ్ళు కనపడే బట్టలేసుకోవాల్నా బేటా?" అని ఒక ఖాలా అడిగింది. మా దగ్గర పూర్తి చేతుల బనీను, పైజామాతోనే నేర్చుకుంటారని చెప్పాం. పోటీలదాకా పోతే అప్పుడు చూద్దాం అన్నాం. నిజామాబాద్ నిఖత్ జరీన్ 2022లో 52 కిలోల్లో, 2023లో 50 కిలోల్లో ప్రపంచ చాంపియన్ అయిందని కూడా చెప్పాం. అది బాక్సింగ్, మా విద్య కాదు. కానీ తల్లుల దగ్గర ఆ పేరు మా పట్లన్నిటికంటే బాగా పనిచేసింది.

పోయిన ఆదివారం 38 కిలోల పిల్లను 50 కిలోల తండా పిల్ల వెనకనుంచి నడుం పట్టుకుంది. చిన్నది నాలుగుసార్లు గింజుకుంది. ఐదోసారి ఆగి మావైపు చూసింది.

"ఉస్తాద్, ముందు ఏ చెయ్యి ఇడిపియ్యాలె?"

పైనున్న చెయ్యి అన్నాం. నీ రెండు చేతులూ ఆమె ఒక్క మణికట్టు మీద. వేలు పట్టి విరవొద్దు, ఫౌల్. కూర్చున్నట్టు నడుం కిందికి దించు, ఆ చెయ్యి నీ తొడమీదికి తొయ్యి, అటే తిరుగు.

పెద్ద పిల్లను మళ్ళీ పట్టుకోమన్నాం.